రూపాయికి ఇరవైనాలుగు అణాలు

ఒక విషయం నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా మామ షెడ్డు లెక్కల పుస్తకంలో దొరికిన ఆ టైపు కాగితం కొట్టింది నేనే. అది ఏదో ఆఫీసు నుంచి వచ్చిందని మా వీధిలో ఇప్పటికీ నమ్ముతారు. ఒకరు ఇన్‌కమ్ టాక్సు వాళ్లన్నారు, ఇంకొకరు కరెంటు ఆఫీసన్నారు. నేను పక్కనే కూర్చుని కండెలు చుట్టుకుంటూ అన్నీ విన్నాను. నా డైరీలో కూడా ఆ రోజు కింద "టైపు క్లాసుకు వెళ్లాను, ఎండ ఎక్కువ" అని మాత్రమే ఉంది.

మాది తిరుత్తణికి దగ్గర్లో నేతపని చేసే ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ, బడిలో తమిళం. తెలుగు చదవడం నేను పాత వారపత్రికలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. మా ఇళ్లలో అప్పటికి చేతిమగ్గాలే ఉండేవి. మామ మా అమ్మకు తమ్ముడు. పెళ్లయి ఇద్దరు పిల్లలు. వేరే వాళ్ల షెడ్డులో కరెంటు మగ్గాల మీద కైలీ లుంగీలు నేసేవాడు. ఆ మగ్గాల చప్పుడు వినీ వినీ ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడేవాడు. రహస్యం చెప్పినా మూడిళ్లకు వినపడేది.

నాకు పంతొమ్మిదో ఏట మామకు రెండు పాత కరెంటు మగ్గాలు చవకగా దొరికే అవకాశం వచ్చింది. చేతిలో ఉన్నది పెట్టాడు, అత్త కమ్మలు పెట్టాడు. అయినా పావువంతు తక్కువ పడింది. ఊళ్లో అడగని వాళ్లు లేరు. "మిషను మగ్గానికి మనిషెందుకురా, రేపు అదే నిన్ను ఇంటికి పంపిస్తాది" అని నవ్వారు. మా నాన్న కూడా ఇవ్వలేదు.

నా దగ్గర పోస్టాఫీసు పాసుబుక్కు ఉండేది. పదేళ్ల వయసు నుంచి కండెలు చుట్టిన కూలి అమ్మ అందులో వేసేది. నేను ఆ పుస్తకం తీసుకుని వెళ్లి మామ ముందు పెట్టాను. ముందు మాట చెప్పి ఇవ్వడం నాకు రాదు. మామ దాన్ని తిరగేసి చూసి, "ఏమే, ఇది నీ చదువుకా, పెండ్లికా?" అన్నాడు.

"మగ్గానికి," అన్నాను.

మామ ఆ రోజే నోటుపుస్తకం కొన్నాడు. మా వైపు వాటాను పంగు అంటారు. అణాలు చెల్లకుండా పోయి ఇరవై ఏళ్లు దాటినా పంగులు మాత్రం అణాల్లోనే చెప్పుకుంటారు. వ్యాపారం మొత్తం ఒక రూపాయి, అంటే పదహారణాలు. నేను పావువంతు పెట్టాను కాబట్టి నాకు నాలుగణాలు, మామకు పన్నెండు. నా పేరుకు ఒక పేజీ, తన పేరుకు ఇంకొక పేజీ. నా పేజీలో సంతకం పెడుతూ మామ, "ఈ నాలుగణాలు ఎవురొచ్చినా నేను ముట్టను. ఊరంతా లేదన్నప్పుడు ఇచ్చినావు," అన్నాడు. ఆ మాట ఎంత చిక్కు తెస్తుందో అప్పుడు ఇద్దరికీ తెలియదు.

మామ కొత్త షెడ్డులో రెండు మగ్గాలు బాగా ఆడాయి. మాకు అమావాస్య సెలవు. ఆ రోజు పొద్దున మగ్గాలు తుడిచి, నూనె పెట్టి, పూజ చేసి, మధ్యాహ్నం పంగులు పంచుకోవడం. నా నాలుగణాల డబ్బు పసుపు రాసిన కాగితం సంచిలో వచ్చేది. నేను దానితో తిరుత్తణిలో టైపు క్లాసులో చేరాను, ఇంగ్లీషు ఒక గంట, తమిళం ఒక గంట. మిగిలిన దానితో పాత పుస్తకాలు కొని గోనెసంచి కింద దాచేదాన్ని.

రెండో ఏడు గడవకముందే మామకు ఇంకా నాలుగు మగ్గాలు పెట్టాలని పుట్టింది. ఈసారి అడుక్కోవలసిన అవసరం రాలేదు. తిరుత్తణిలో నూలు అంగడి ఆయన, మేము మొదలాళి అనేవాళ్లం, తానే వచ్చాడు. మామ కైలీ అంచు ఎక్కడా వంకర పోదని ఆయనకు తెలుసు. నాలుగు మగ్గాలూ తానే కొనిస్తాననీ, తనకు సగం పంగు, అంటే ఎనిమిదణాలు కావాలనీ అన్నాడు. మామ సంతోషంగా ఒప్పుకున్నాడు. నోటుపుస్తకంలో మూడో పేజీ తెరిచాడు. మొదలాళి, ఎనిమిదణాలు.

షెడ్డు ఆరు మగ్గాలతో హోరెత్తింది. నా సంచి లావయింది. ఆ డబ్బుతో నేను ఎవరికీ చెప్పకుండా, ఇంట్లో ఉండి పోస్టులో చదివే బి.ఎ.కు కట్టాను. పోస్టులో పాఠాల కట్ట వచ్చిన రోజు అమ్మ దాన్ని చీరల క్యాటలాగు అనుకుంది.

కానీ మామ ఇంట్లో మాత్రం ఏదో తేడాగా ఉండేది. అత్త మా ఇంటికి వచ్చినప్పుడల్లా అదే మాట. మగ్గాన్ని తమిళంలో లాగా తరి అనేది.

"రెండు తర్లు తిరిగినప్పుడు ఎంత తెచ్చినాడో, ఆరు తిరిగినా అంతే తెస్తాడు వదినా. నేనేమో మూడింతలు కూడు వండతా ఉండాను, పనోళ్లకి."

"ఎవురికైనా ఇస్తా ఉండాడేమో అడుగు," అంది అమ్మ.

"ఆయప్ప చొక్కా చూసినావా? ఎవురికన్నా ఇచ్చే మొగమేనా అది?"

మామ లెక్కలు చేసే తీరు అలాంటిది. అమావాస్య నాడు ముందు మొదలాళికి ఎనిమిదణాలు తీసి పెడతాడు, తర్వాత నాకు నాలుగణాలు. తన పంగు విడిగా తియ్యడు. పెట్టెలో మిగిలింది తనది. ఇతరులది ఇచ్చేశాక తనది లెక్కపెట్టుకోవడం మామకు సిగ్గు. పెట్టె పలచబడితే కైలీ ధర పడిందేమో, నూలు పెరిగిందేమో అనుకునేవాడు.

మరుసటి ఏడు పాత నోటుపుస్తకం నూనె మరకలతో చిరిగిపోయింది. నా చేతిరాత బాగుంటుందని మామ దాన్ని నాకిచ్చి కొత్త పుస్తకంలో ఎత్తి రాయమన్నాడు. నేను పొదుపుగా మూడు పేజీల మొదటి పంక్తులను ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి రాశాను. మామ పన్నెండు. నేను నాలుగు. మొదలాళి ఎనిమిది. కింద గీత గీసి అలవాటుగా కూడాను. ఇరవైనాలుగు.

రెండోసారి కూడాను. మా షెడ్డు రూపాయిలో ఇరవైనాలుగణాలు ఉన్నాయి.

తప్పు ఎక్కడుందో తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. కొత్తవాడు వచ్చి సగం తీసుకుంటే మిగిలిన సగంలోనే పాతవాళ్లు సర్దుకోవాలి. మామ పన్నెండు ఆరు కావాలి, నా నాలుగు రెండు కావాలి. మామ మాత్రం ఇచ్చిన మాట కోసం నా పేజీ ముట్టలేదు, మరచిపోయి తన పేజీ ముట్టలేదు. పంచేటప్పుడు పన్నెండణాలు మొదలాళికీ నాకూ పోయి, ఆయన పెట్టెలో నాలుగే మిగులుతున్నాయి. పొద్దుట నుంచీ ఆరు మగ్గాల మధ్య నిలబడే మామకూ, ఇంట్లో కూర్చుని పాఠాలు చదువుకునే నాకూ ఒకే మొత్తం వస్తోంది.

ఇది తెలిసి కూడా నేను ఒక నెల నోరు తెరవలేదు. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. రెండణాలయితే బి.ఎ. రెండో ఏడు ఫీజుకు చాలదు. డైరీలో రోజూ "రేపు చెప్పాలి" అని రాసి, మరునాడు అదే మాట మళ్లీ రాసేదాన్ని.

ఆ నెల చివర మామ మా ఇంటికి వచ్చి నాన్నతో అన్నాడు, "బావా, షెడ్డు మొదలాళికి ఒప్పజెప్పేస్తాను. ఈరోడ్డులో కూలికి పిలస్తా ఉండారు. నాకు ఈ లెక్కల కణక్కు చేతకాలేదు."

నాన్న, "నేనప్పుడే చెప్తిని గదా," అన్నాడు. మామ నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మామతో ఒంటరిగా చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. "నీ పంగు ముట్టను పోవే" అని తనదే నాలుగు చేసి రాసుకుంటాడు, అంతే. మొదలాళికి కూడా తెలియాలి. ఆయన ఎదుట నిలబడి చెప్పడం నావల్ల కాదు. అందుకని మరునాడు టైపు క్లాసులో తమిళం మిషన్ మీద, మాస్టారు బయటికి వెళ్లినప్పుడు, రెండు పంక్తులు కొట్టాను. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "తమ నేత షెడ్డులో పంగులు ఇరవైనాలుగణాలు అయినవి. రూపాయికి పదహారణాలే గనుక సరిచూసుకోవలెను." టైపు పుస్తకంలోని మాదిరి ఉత్తరాలన్నీ అలాగే ఉంటాయి. నాకు వచ్చిన మర్యాద అదే.

అమావాస్య పొద్దున అందరూ మగ్గాలు తుడుస్తుండగా ఆ కాగితాన్ని కొత్త పుస్తకంలో పెట్టాను.

మా వీధిలో టైపు కొట్టిన కాగితం అంటే ఒకటే అర్థం. అది ఆఫీసు నుంచి వస్తుంది, వచ్చిందంటే చెడ్డదే. మామ దాన్ని చదివి, మడిచి, మళ్లీ తెరిచి, ఎండలో పెట్టి చూశాడు. "ముద్ర లేదే," అన్నాడు.

"ముద్ర వేసి పంపేది రెండోసారి అంట," అంది అత్త. ఎవరు చెప్పారో ఆమెకే తెలియాలి.

తిరుత్తణికి కబురు వెళ్లింది. ఎప్పుడూ మనిషిని పంపే మొదలాళి ఆ రోజు మధ్యాహ్నమే బస్సు దిగి, చెమట తుడుచుకుంటూ వచ్చి షెడ్డులో పీట మీద కూర్చున్నాడు. ఆయన మొదట అడిగింది కాగితంలో ఏముందని కాదు. "నా అంగడి పేరు ఏమైనా ఉందాప్పా దాంట్లో?" అని. లేదని తెలిశాక నీళ్లు తాగాడు.

తర్వాత పుస్తకం తెరిచారు. మూడు పంక్తులూ నేను రాసిన పేజీలోనే ఉన్నాయి. మొదలాళి వేలు పెట్టి కూడి, పకపకా నవ్వాడు.

"యోవ్, ఏడాదిగా నువ్వు ఉత్త పుణ్యానికి నేస్తా ఉండావు. ఈ గవర్నమెంటోడెవడో గానీ నీకు మామ వరస."

"నవ్వింది చాలు మొదలాళి. ఎవురిది తగ్గిద్దాం?"

"నాది తగ్గదు. నాలుగు తర్లు సగానికని మాటాడి పెట్టినాను. నేను రాకముందు ఉన్నోళ్లు మీరిద్దరూ. మీలో మీరు సర్దుకోండి."

"అయితే నాదే నాలుగు రాస్తాను," అన్నాడు మామ. "పాప నాలుగణాలు అట్లే ఉండాల. అది మొదట ఇచ్చింది."

"మొదట ఇచ్చినోళ్లది ఎప్పుడూ తగ్గకూడదంటే, ఇంకొకడు వచ్చినప్పుడు? అప్పుడూ నీదే కోస్తావా? ఇంకో ఇద్దరొస్తే నువ్వు తరి కాడ కూలోడివి అయిపోతావు. అప్పుడు ఆ పాప పంగు దేంట్లో ఉండేది? నేసేవాడు లేని తర్లోనా?" అన్నాడు మొదలాళి.

అత్త వెంటనే, "నేనదే చెప్తా ఉండా, ఈరోడ్డుకి పొయ్యేవాడికి పంగెందుకు?" అంది.

నేను గుమ్మం ఇవతల కండెల తట్ట దగ్గర ఉన్నాను. పది మాటలు ముందే రాసి పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. లేచి నిలబడేసరికి తట్ట దొర్లి కండెలన్నీ షెడ్డులోకి పరుగెత్తాయి, వాటి వెంట నేనూ లోపలికి వెళ్లవలసి వచ్చింది.

"మామా, నాకు రెండణాలు చాలు," అన్నాను, కిందికి వంగి ఏరుకుంటూనే.

"నువ్వూరుకో మే. నీకు తెలీదు."

"తెలుసు. మొదట రెండు మగ్గాలు ఉన్నాయి. నా నాలుగణాలంటే అర మగ్గం. ఇప్పుడు ఆరు ఉన్నాయి. రెండణాలంటే ముప్పాతిక మగ్గం. అణాలు తగ్గినా మగ్గం పెరిగింది. నీక్కూడా అంతే. పన్నెండు ఉన్నప్పుడు ఒకటిన్నర మగ్గం నీది. ఆరయినా రెండుంపావు."

అంత పొడుగు మాట నేను మగవాళ్ల ముందు అప్పటిదాకా ఆడలేదు. మొదలాళి వేళ్ల మీద లెక్క వేసుకుంటున్నాడు.

"ఏడాదిగా ఒకటిన్నర మగ్గం డబ్బు నాకు వస్తా ఉండాది మామా. అందులో సగం నీది," అన్నాను.

మామ కండెలు ఏరడం మొదలుపెట్టాడు. ఆయనకు కళ్లు తుడుచుకోవాలనిపించినప్పుడు ఏదో ఒక పని వెతుక్కుంటాడు. "తీసుకున్నది తిరిగి అడిగేంత చిన్న మామనా నేను," అన్నాడు చివరికి, మగ్గం కింద నుంచి.

"సరే, ఈ అమ్మ ఒప్పుకునింది. రాయప్పా," అన్నాడు మొదలాళి.

"ఒకటి ఉంది," అన్నాను. ఆ ధైర్యం ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు. "ఇంకమీద కొత్తగా ఎవరికైనా పంగు ఇచ్చేటప్పుడు ముందు నన్ను అడగాల. అందరితో పాటు నాదీ తగ్గనీ. కానీ తగ్గకుండా ఉండేదానికి ఎంత కట్టాలో అంత నేను కట్టగలిగితే, కట్టనివ్వాల. ఆ వంతు బయటోళ్లకి పోకూడదు."

మొదలాళి నా వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. "నూలు వ్యాపారంలో నేను ముప్పై ఏండ్లుగా ఉండాను. నాకెవురూ ఇది చెప్పలేదు. ఎవురు నేర్పించినారమ్మా?"

ఎవరూ నేర్పలేదు. నెలరోజులు నా నాలుగణాలు ఎలా కాపాడుకోవాలా అని డైరీలో రాసి కొట్టేసిన దారుల్లో అది ఒకటి మిగిలింది. అది చెప్పలేక తల ఊపాను. ఆయన కాలేజీ నేర్పిందనుకున్నాడు.

మామ కొత్త పేజీలో రాశాడు. మామ ఆరు, పాప రెండు, మొదలాళి ఎనిమిది. కింద నన్నే కూడమన్నాడు. పదహారు వచ్చింది. అయినా మొదలాళి ఇంకోసారి కూడి చూశాడు. దాని కింద నా షరతు రాయించి, ముగ్గురం సంతకాలు పెట్టాం. టైపు కాగితాన్ని అత్త పసుపు రాసి పూజ పటం వెనుక పెట్టింది. మళ్లీ ఆఫీసువాళ్లు వస్తే చూపించాలని.

మామ ఈరోడ్డు వెళ్లలేదు. ఆ అమావాస్యకు పెట్టెలో మిగిలింది చూసి అత్త రెండుసార్లు ఎంచింది, మూడోసారి మా అమ్మను పిలిచి ఎంచమంది.

నా సంచి సగమయింది. బి.ఎ. ఫీజు కోసం తిరువళ్లూరులో రిజిస్ట్రేషను ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసే పెద్దాయన దగ్గర టైపు పనికి చేరాను. నాన్న వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు బస్సు టైము కనుక్కుని వచ్చి అమ్మకు చెప్పాడు, నాకు వినపడేటట్టు. పొద్దున బస్సులో కనకమ్మ సత్రం దాకా నిలబడాలి, అక్కడ చాలామంది దిగుతారు, తర్వాత సీటు దొరుకుతుంది. అక్కడి నుంచి తిరువళ్లూరు దాకా నా చదువు. బి.ఎ. రెండో ఏడు సగం ఆ సీట్లోనే అయింది.

పనిలో చేరిన రెండో ఏట ఒక మధ్యాహ్నం మామ తిరువళ్లూరుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా మిషన్ పక్క బల్ల మీద కూర్చుని, ఆఫీసని కాబోలు, గొంతు తగ్గించి మాట్లాడాలని చూశాడు. ఎదురు అంగడిలో జెరాక్సు తీసే ఆయన కూడా తల ఎత్తాడు.

"మే, మింజూరు నుంచి ఒకాయన వచ్చినాడు. ఇంకా రెండు తర్లు పెడతాడంట. నాలుగణాలు అడగతా ఉండాడు. మొదలాళి సరే అన్నాడు, నేనూ సరే అన్నాను. నిన్ను అడగల్ల గదా, రాసి పెట్టి ఉండాది. అందుకే వచ్చినా."

"నువ్వు అడగడానికే ఇంత దూరం వచ్చినావా మామా?"

"లేదు, ఈడ ఇడ్లీలు బాగుంటాయని వచ్చినా. చెప్పు. తగ్గించేదా, కట్టేదా?"

నేను పక్కనున్న చిత్తు కాగితం మీద లెక్క వేశాను. మింజూరాయనకు నాలుగణాలు ఇస్తే అందరిదీ పావువంతు తగ్గుతుంది. నా రెండణాలు ఒకటిన్నర అవుతుంది. షెడ్డులో నాది ఎనిమిదో వంతు కాబట్టి కొత్తగా ఇచ్చే నాలుగణాల్లో ఎనిమిదో వంతు, అంటే అరణా, నేను కొనవచ్చు. కొంటే నా రెండూ రెండుగానే ఉంటాయి. దాని ఖరీదు పావు మగ్గం. పాసుబుక్కులో అంత ఉంది. దాంతో నేను అద్దాల తలుపుల బీరువా ఒకటి చేయించుకుని, గోనెసంచి కింది పుస్తకాలను వెలుగులోకి తేవాలనుకున్నాను.

మామ తొందరపెట్టలేదు. టీ వచ్చేదాకా కూర్చున్నాడు, తాగాడు, గ్లాసు కింద పెట్టాడు. తగ్గినా నష్టం లేదని చెప్పాడు. ఎనిమిది మగ్గాల్లో ఒకటిన్నర అణా అంటే ముప్పాతిక మగ్గం అట్లే ఉంటుందని నేను చెప్పకముందే ఆయనే చెప్పాడు. మామ లెక్క నేర్చుకున్నాడు.

"కడతాను మామా. నా అరణా నాకే," అన్నాను.

ఆయన మొహం చూస్తే, అంత దూరం వచ్చింది ఈ మాట కోసమేనని తెలిసింది. బీరువా ఇంకో ఏడు ఆగుతుంది, పుస్తకాలకు అలవాటే. నేను పెద్దాయనను అడిగి పది నిమిషాలు సెలవు తీసుకుని బస్టాండుకు వెళ్లాను. మామ తిరుత్తణి బస్సెక్కి కిటికీ పక్క కూర్చున్నాడు. బస్సు కదిలాక తల బయట పెట్టి, స్టాండంతా వినేటట్టు అన్నాడు:

"ఆ మింజూరాయనకు మూడున్నరే అని చెప్తాను. మిగిలిన అరణా యాడికి పోయిందని అడిగితే, నువ్వు రాకముందే అమ్ముడుపొయిందప్పా అంటాను."